కసిమీరా ఎనిమిదో కర్ర

వచ్చే ఏడాదికల్లా మా న్యూమెక్సికో కూడా అమెరికాలో ఓ రాష్ట్రమైపోతుందట. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను, నమ్మడం ఎప్పుడో మానేశాను. ఇన్నాళ్ళూ మాకు గవర్నరును వాషింగ్టన్ వాళ్ళే పంపారు, జడ్జీని వాళ్ళే పంపారు. ఆ జడ్జీకి మా స్పానిష్ రాదు, మాకు ఆయన ఇంగ్లీషు రాదు. మధ్యలో దుబాసీ ఏం చెబితే అదే న్యాయం. కానీ మా ఎల్ రెమాన్సో ఊళ్ళో దుబాసీతో పనిలేని సర్కారు ఒకటుంది. అది మా కాలువ. దాని పెద్దరికం నేను ఇరవై ఏడేళ్ళు చేశాను. నా పేరు నెస్తోర్. గొప్పలు చెప్పుకోబోతున్నానని కంగారుపడకండి. ఇది నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి, దాన్ని ఇరవై రెండేళ్ళు నోరెత్తకుండా మోసిన కసిమీరా గురించి.

కసిమీరా ఏటి అవతలి ఊరి పిల్ల. లిబ్రాదోను పెళ్ళాడి మా ఊరొచ్చింది. పొట్టి మనిషి, గట్టి పిండం. మా వైపు పచ్చి ఇటుకలతో ఇల్లు కట్టడం మగవాళ్ళ పని, దాన్ని మట్టితో అలకడం ఆడవాళ్ళ పని. కసిమీరా వచ్చాక మా ఊరి గోడల కళే మారిపోయింది. గోడ మీద అరచెయ్యి ఆనించి, ఇక్కడ పగులుతుంది అంటే అక్కడ పగిలి తీరాల్సిందే. ఒకసారి గుడి దక్షిణపు గోడ మొత్తం అలికేసి, మట్టిలో గడ్డి పొడుగ్గా పడిందని, ఆరకముందే గీకేసి మళ్ళీ మొదలుపెట్టింది. నెలకోసారి గుర్రం మీద వచ్చే మా ఫాదరు ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాడు. "బాగానే ఉందిగదమ్మా, ఎందుకీ కష్టం?" అన్నాడు. "ఈ రోజుకి బాగానే ఉంది ఫాదరూ, వానాకాలంలో మీరుండరు, చూసేది నేను" అంది.

వాళ్ళ కూతురు రుఫీనాకు బాప్తిస్మమప్పుడు చేతుల్లో ఎత్తుకున్న జ్ఞానతండ్రిని నేనే. ఆ పిల్లకు నాలుగేళ్ళప్పుడు, రైలు పట్టాల కింద వేసే దుంగలు కొట్టడానికి లిబ్రాదో కొండల్లోకి వెళ్ళాడు. చలికాలంలో మా మగవాళ్ళు చాలామంది అలాగే వెళతారు. ఒక దుంగ దొర్లి మీద పడింది. శవాన్ని బండిమీద తెచ్చారు, పక్కన అతని గొడ్డలి కూడా పెట్టి. కసిమీరాకు మిగిలింది ఒక ఇల్లు, మూడెకరాల పొలం, ఆ పొలానికి కాలువలో ఒక వంతు నీళ్ళు. వంతంటే, వరస తిరిగి తమ దగ్గరకొచ్చిన రోజు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా కాలువ మొత్తం ఆ పొలానిదే. వానలు లేని దేశంలో నీళ్ళు లేని పొలం ఉత్త మన్ను.

ఆ వంతు ఊరికే రాదు. మార్చిలో, కొండల మీద మంచు కరిగి ఏరు పొంగకముందే, మూడు రోజులు కాలువ పూడిక తీయాలి. వంతున్న ప్రతి ఇంటినుంచీ ఒక మనిషి పార పట్టుకుని రావాలి. రాని ఇంటికి ఆ ఏడు నీళ్ళు లేవు. కాలువ పెద్ద తన చేతికర్రతో కొలుచుకుంటూ పోయి, మనిషికి ఏడు కర్రల జాగా చొప్పున గుర్తు పెడతాడు. అది అయ్యాక ముందుకు నడిచి మళ్ళీ పెడతాడు. రోజుకు మూడుసార్లు. మీసాలు రాని కుర్రాళ్ళు, నడుం వంగిన ముసలాళ్ళు వస్తే సగం మనిషి కింద జమ, వాళ్ళకు సగం పగలు నీళ్ళు. సగానికి మూడున్నర కర్రలు రావాలి. కానీ కర్రను విరిచి కొలవలేం గనుక నాలుగు పెడతాం. మా తాతల నాటినుంచీ అంతే. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. పెట్టిన గుర్తు పెట్టినట్టే ఉండాలి. ఒక్కడికి మార్చామంటే నలభైమందీ పారలు కిందపడేసి వాదనకు దిగుతారు, ఇక ఆ ఏడు కాలువలోకి నీళ్ళు వచ్చినట్టే!

లిబ్రాదో పోయిన నెలకే వాళ్ళన్న మసెదోనియో ఆమె ఇంటికి వెళ్ళాడు. వీళ్ళ పొలాన్ని ఆనుకునే అతని పొలం. మనిషి దుర్మార్గుడు అనను. పక్కవాడి గట్టు చూస్తే కాలు ఆగదు, అంతే.

"చూడు మరదలా, పార పట్టే మగదిక్కు లేదు నీకు. పూడికకి నా పాలేర్ని పంపిస్తాలే. పొలం కూడా నేనే దున్నుకుంటా. నువ్వూ పిల్లా మా ఇంట్లో ఓ గదిలో ఉండండి. తిండికేం లోటుండదు" అన్నాడు.

"పొలం నీ పేర రాయమంటావా బావా?"

"పేరుదేవుందే, ఎవరి పేరునుంటే ఏంటి, ఇంటిదేగా."

"ఇంటిదే అయితే నా పేరునే ఉండనీ. ఎవరి పేరునుంటే ఏంటన్నావుగా."

ఈ మాటలు మసెదోనియో భార్యే నా భార్య తొమాసాకు చెప్పింది, నవ్వు ఆపుకోలేక. ఆ ఏడు కూలికి పిలుద్దామన్నా మనిషి లేడు. వయసు కుర్రాళ్ళందరూ గొర్రెల వెంట కొలరాడో పోయారు. ఉన్నవాళ్ళందరికీ సొంత వంతులున్నాయి. చూద్దాం, ఎవర్నో ఒకర్ని సర్దుకుంటుందిలే అనుకున్నాం.

పూడిక మొదలయ్యే రోజు పొద్దున్నే, గట్టుమీద పొగాకు చుట్టుకుంటూ నిలబడ్డ మగవాళ్ళ మధ్యలోకి కసిమీరా వచ్చింది. నల్ల శాలువ నడుముకు బిగించి కట్టింది. భుజం మీద లిబ్రాదో పార. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు.

"ఏంటమ్మా, కాలువ కూడా అలుకుతావా?" అన్నాడొకడు. పెద్ద నవ్వు.

"నీ ఇంటి గోడ అలికినప్పుడు నవ్వలేదేం? బుద్ధిగా నీళ్ళు మోశావుగా" అంది. ఈసారి నవ్వు వాడి మీదికి మళ్ళింది.

ఆడది కాలువలోకి దిగకూడదని రాత ఏదీ లేదు. ఎవరూ దిగలేదు, అంతే. నేను గుర్తులు పెట్టుకుంటూ వెళ్ళాను. వరస చివర నిలబడ్డ ఆమె దగ్గరకొచ్చేసరికి నా కాళ్ళు ఆగాయి. మార్చి నీళ్ళ బురద, లోపల కాళ్ళు కొయ్యబారిపోతాయి. నా జ్ఞానపుత్రిక తల్లి, భర్త పోయి ఇంకా మూణ్ణెల్లు కాలేదు. నాలుగు కర్రలు కొలిచి గుర్తు కొట్టేసి, ఆమె మొహం చూడకుండా ముందుకు పోయాను. ఎంత మంచివాణ్ణి అని లోలోపల నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఆమె తన జాగా పొడుగునా అడుగులేసి కొలుచుకుంది. పక్కవాడిదీ కొలిచింది. గట్టెక్కి నా దగ్గరకొచ్చింది.

"అన్నా, ఆ గుర్తు ఎవరిది?"

"నీదే చెల్లెమ్మా."

"నాలుగే ఉన్నయ్యి."

"చాల్లే. నీకవి చాలు."

నేను ఆ మాట అనడం, వెనకనుంచి మసెదోనియో గొంతు లేవడం ఒకేసారి జరిగాయి.

"నాలుగంటే సగం మనిషేగా. అయ్యా గుమాస్తాగారూ, రాసుకోండి. కసిమీరా, సగం పగలు."

ఆ ఏడు మాకొక తంటా వచ్చిపడింది. ఏ కాలువలో ఎవరికెంత హక్కో పట్టిక రాసి పంపమని జిల్లా కచేరీనుంచి హుకుం. అందుకోసం ఒక గుమాస్తా గట్టుమీదే బల్ల వేసుకుని కూర్చున్నాడు. అంతకుముందు మా హక్కులన్నీ మా నోళ్ళలోనే ఉండేవి. ఒక ఏడు తప్పు జరిగితే మర్నాడో మర్నేడో నలుగురం కూర్చుని సరిచేసుకునేవాళ్ళం. కాగితానికి ఎక్కిన తప్పును ఎవరు సరిచేస్తారు? నాకు తల కొట్టేసినట్టయింది. సగం పగటి నీళ్ళు ఆమె పొలంలో సగం కూడా పారవు. కిందివైపు గోధుమ ఎండిపోతుంది. ఒక్క ఏడు కాదు, ఇక ఎప్పటికీ అంతే. రెండేళ్ళు అలా గడిస్తే పొలం దానంతటదే మసెదోనియో చేతిలోకి పోతుంది. అతను అడగక్కర్లేకుండా నేనే వండి వడ్డించినట్టయింది.

"నేనేదో ఆలోచన లేకుండా పెట్టాను. ఏడు చేస్తా" అన్నాను.

"గుర్తు మారుస్తావా నెస్తోర్? అయితే నాక్కూడా మార్చు, నాకు రాళ్ళ జాగా వచ్చింది!" ఎవరో అరిచారు. "నాకు చెట్టువేరు తగిలింది" అని ఇంకొకడు. అప్పటికే రెండు పారలు కింద పడ్డాయి. మసెదోనియో మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. అందరూ అరుస్తుంటే కసిమీరా మాత్రం కాలువలోకి చూస్తూ ఉంది. అరుపులు కాస్త తగ్గాక అడిగింది.

"అన్నా, ఒకే ఇంటినుంచి సగం మనుషులు ఇద్దరొస్తే నీళ్ళెంత?"

"ఒక పగలంతా. పోయినేడు అబ్రాన్ తాతా, వాళ్ళ మనవడూ వచ్చారుగా."

"అయితే మా ఇంటినుంచి ఇద్దరొచ్చారు. రెండో మనిషికి కూడా నాలుగు పెట్టు."

"ఎవరే ఆ రెండో మనిషి?" అన్నాడు మసెదోనియో.

"నేనే."

"ఒక్కదానివి ఇద్దరెట్టా అవుతావు?"

"మీరు నన్ను సగం చేశారుగా బావా. మిగతా సగం ఇంట్లో వదిలేసి రాలేదు. వెంటే తెచ్చుకున్నా."

గట్టు గట్టంతా నవ్వింది. గుమాస్తా కూడా నవ్వుతూనే కలం ముంచి, ఆమె పేరు పక్కన రెండు సగాలు అని రాసేశాడు. గుర్తు మారలేదు, కట్టుబాటు చెడలేదు, ఎవడికీ నోరెత్తడానికి సందు లేదు. నేను ఆమె జాగా చివర ఇంకో నాలుగు కర్రలు కొలిచాను. నాలుగోది కొలుస్తుండగా నాకు వెలిగింది.

"చెల్లెమ్మా, ఎనిమిదవుతుందే" అన్నాను మెల్లిగా.

"నాకూ లెక్కొచ్చన్నా" అని కాలువలోకి దిగింది.

ఆ మూడు రోజుల్లో తొమ్మిది గుర్తులు. మగవాడు ఏడు తవ్వే చోట ఆమె ఎనిమిది తవ్వాలి, అదీ ఏ గుర్తుకాగుర్తు అందరితోపాటు పూర్తి చేస్తూ. మా మగవాళ్ళు పార గుచ్చి, దొరికినంత మట్టి ఎత్తి, ఊపిరంతా పెట్టి గట్టుమీదికి విసురుతారు. ఆమె అలా చేయలేదు. పారను మాటిమాటికీ నీళ్ళలో ముంచేది, మట్టి అంటుకోకుండా. బురదను ఇటుక ముక్కల్లా చదరంగా కోసి, నడుము తిప్పి పక్కకు జార్చేది. ఎత్తిన మట్టిని పార వీపుతో గట్టుకు అదిమేది. గోడలు అలికిన చెయ్యి అది. మొదటి రోజు అందరికంటే వెనక పడింది. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. శాలువ అంచు చించి కట్టుకుంది.

ఆ సాయంత్రం నేను రొట్టె తుంచుకుంటుంటే తొమాసా చిక్కుళ్ళ గిన్నె నా ముందు ఠంగుమని పెట్టింది.

"దయ చూపించావంట గదా."

"పాపం అనుకున్నానే."

"పాపం అనుకుంటే ఒక బుట్ట మొక్కజొన్నలు పంపు. లేదంటే వాళ్ళ పిల్లని తెచ్చి మూడ్రోజులు మనింట్లో ఉంచు. కొలతలో దయేంటి నీ మొహం!"

ముప్పై ఏళ్ళ కాపరంలో నేను ఎదురు చెప్పలేని మాటలు చాలానే అంది. అది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మూడో రోజు చివరి గుర్తు కొండ కిందిది. రాళ్ళ జాగా. పొద్దు పడమటి గట్టు తాకేలోగా అవ్వాలి. తాకాక తవ్వింది చెల్లదు. అందరూ ముగించుకుని పారలు కడుక్కుంటున్నారు. కసిమీరాకు ఇంకా మూడు కర్రల జాగా ఉంది. మసెదోనియో ఎదురు గట్టుమీద ఒక రాయి చూసుకుని తీరిగ్గా కూర్చున్నాడు, పొద్దును చూస్తూ. అప్పుడు తొమాసా వచ్చింది, వెనక పదిమంది ఆడవాళ్ళు. ఒకరి చేతిలో మేకమాంసం గిన్నె, ఒకరి చంకలో రుఫీనా.

"జరుగు కసిమీరా, నేనో చెయ్యేస్తా" అని తొమాసా పావడా ఎత్తి దోపింది.

"వద్దొదినా. నువ్వు ఒక్క పార వేసినా రేపు బావ అదే పట్టుకుంటాడు. కూర్చో. నువ్వు కూర్చుంటే చాలు."

ఆడవాళ్ళందరూ గట్టుపొడుగునా కూర్చున్నారు. ఎవరూ పాడలేదు, ప్రార్థన చేయలేదు. మసెదోనియో గురించి మాట్లాడుకున్నారు, అతనికి వినపడేటంత గట్టిగా. అతని పెళ్ళిలో గుర్రం మీదనుంచి ఎలా పడ్డాడో, ఆ పడ్డంలో లాగు ఎక్కడ చిరిగిందో అన్నీ వచ్చాయి. అతను కాసేపు విననట్టు నటించి, లేచి కొంచెం దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. కసిమీరా తలెత్తలేదు. ఒక రాయి కదలకపోతే పార పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, దాని చుట్టూ చేతులతో మట్టి తోడింది. రాయి కదిలింది. ఆమె దాన్ని పొట్టకు ఆనించుకుని ఎత్తి గట్టుమీద పెట్టినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. సిగ్గుపడను చెప్పుకోడానికి.

పొద్దు గట్టుకు బెత్తెడు ఎత్తులో ఉండగా నేను కాలువలోకి దిగి కర్ర వేశాను. ఒకటి, రెండు అంటూ ఎనిమిదిదాకా అందరికీ వినపడేలా అరిచి లెక్కపెట్టాను. "కసిమీరా ఇంటికి ఒక పగలు నీళ్ళు!" అన్నాను. మసెదోనియో దిగొచ్చి బూటుకాలితో ఆ గట్టును రెండుసార్లు తన్ని చూశాడు. ఒక పెళ్ళ కూడా రాలలేదు. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు ఆమె గోధుమ పొలం చివరిదాకా పండింది.

మర్నేడు నేను రెండు రోజులు ప్రయాణం చేసి జిల్లా కచేరీకి వెళ్ళాను. ఆ రెండు సగాలు కొట్టేసి ఒక మనిషి అని రాయమన్నాను. కాలువలో వంతున్న అందరి సంతకాలూ తెమ్మన్నారు. ముప్పై తొమ్మిది తెచ్చాను. మసెదోనియో పెట్టలేదు. "నేను పోయాక రాయించుకోండి" అన్నాడు. దిట్టమైన మనిషి, పోయిన చలికాలందాకా పోలేదు. అలా ఇరవై రెండు మార్చి నెలలు, ఏటా తొమ్మిది గుర్తులు, గుర్తుకో కర్ర ఎక్కువ. ఎప్పుడైనా కూర్చుని లెక్కేస్తే రెండు వందల కర్రలకు రెండు తక్కువ. ఆమె ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు. మా జాగాల వరస మారదు గనుక ఏటా ఆమె తవ్వేది అవే చోట్లు. పెద్ద వరద వచ్చిన ఏడు కాలువ పదకొండు చోట్ల తెగింది. వాటిలో ఒక్కటీ ఆమెది కాదు. అప్పటినుంచి కొత్తగా పూడికకు వచ్చిన కుర్రాళ్ళను నేను ముందు ఆమె దగ్గరకే పంపేవాణ్ణి, పార పట్టడం చూసి రమ్మని. గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో తెలియకపోతే నేనే వెళ్ళి ఆమెను అడిగేవాణ్ణి. గోడ మీద ఆనించినట్టే గట్టుమీద అరచెయ్యి ఆనించి చెప్పేది. మా కాలువ సభలో ఆడవాళ్ళకు ఓటు లేదు. కానీ ఆమె ఏమందో కనుక్కోకుండా ఎవడూ చెయ్యెత్తేవాడు కాదు.

మొన్న చలికాలానికి ముందు గుడి గోడ అలుకుతూ నిచ్చెన మీదనుంచి పడి తుంటి విరిగింది. కర్ర సాయంతో నడుస్తుంది గాని, ఇక కాలువలోకి దిగలేదు. అల్లుడు కొలరాడో గనుల్లో ఉన్నాడు. అందుకని ఈ మార్చిలో రుఫీనా పార పట్టుకుని వచ్చింది. కసిమీరాను బండిలో తెచ్చి గట్టుమీద దుప్పటి పరిచి కూర్చోబెట్టాం. నేను కాలువ పెద్దరికం మానేసి మూడేళ్ళయింది. ఇప్పుడు మసెదోనియో కొడుకు ఉర్బానో చేస్తున్నాడు. మంచి కుర్రాడు. రాష్ట్రం వస్తోందని పట్టికలన్నీ మళ్ళీ రాయమన్నారట, కొత్త పట్టికలో ఈ ఇంటిని ఒక నిండు మనిషిగా రాసేశాడు. రుఫీనాకు అందరికిలాగే ఏడు కర్రలు కొలిచి గుర్తు కొట్టాడు.

రుఫీనా అడుగులేసి కొలిచింది. అచ్చం తల్లిలాగే.

"ఏడే ఉన్నయ్యేంటి?" అంది.

"అందరికీ ఏడేగా అక్కా" అన్నాడు ఉర్బానో.

"మాకు ఎనిమిది. మా అమ్మకి ఎప్పుడూ ఎనిమిదే. జాగా తగ్గించి నీళ్ళు కూడా తగ్గిద్దామనా? మీ నాన్న బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు!"

పాపం ఉర్బానో తెల్లమొహం వేశాడు. ఆ రెండు సగాలు అసలెలా వచ్చాయో అతనికీ తెలియదు. నాకప్పుడు అర్థమైంది. కసిమీరా కూతురికి చెప్పనే లేదు. ఇరవై రెండేళ్ళూ ఆ పిల్ల, మా ఇంటి కొలత ఎనిమిది, అందుకే మాకు పగలంతా నీళ్ళు అనుకుంటూ పెరిగింది. జ్ఞానతండ్రి అని నాకు పండక్కి రొట్టెలు తెచ్చి, చెయ్యి ముద్దుపెట్టుకుని వెళ్ళేది.

నేను లేచి నిలబడ్డాను. నలభైమంది ముందు చెప్పాను. "రుఫీనా, అది మీ కొలత కాదమ్మా. నా తప్పు. మీ అమ్మని ఆ రోజు నేను సగం మనిషిగా కొలిచాను. ఆ ఎనిమిదో కర్ర నా మూలంగా వచ్చిందే" అన్నాను.

రుఫీనా నా వైపు చూసింది, తల్లివైపు తిరిగింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే మీ జ్ఞానతండ్రికి రొట్టెలు తీసుకుపోయేదానివా?" అంది కసిమీరా.

"ఇప్పుడు నేనెంత తవ్వాలి మరి? నువ్వు ఎనిమిది తవ్విన చోట నేను ఏడు తవ్వి ఊరుకోనా?"

"ఏడే తవ్వవే. ఎనిమిదోది నేనెప్పుడో తవ్వేశాను."

రుఫీనా పారను నీళ్ళలో ముంచి కాలువలోకి దిగింది.